తుమార్ రెక్క

పొట్టేలు మూడు రోజులుగా వాకిట్లో కట్టేసి ఉంది. ఆ పూట దాన్ని కోసి కొండ మీద పెట్టి, పక్కనే డేగ తుమార్‌ను వదిలెయ్యాలి. వేటకు పెంచిన డేగను పదేళ్ళ తర్వాత విందు పెట్టి పంపడం ఆ సరస్సు ఒడ్డు ఊళ్ళ రివాజు. వేటగాడు సాగిన్ తుమార్‌ను పన్నెండేళ్ళు ఉంచుకున్నాడు. ఈ వసంతంలో తప్పకుండా వదులుతానని పెద్దల ముందు మాటిచ్చాడు.

అయినా పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఏదో ఒక వంక చెబుతూనే ఉన్నాడు. గాలి ఎక్కువన్నాడు, మోకాలు పీకుతోందన్నాడు. భార్య బురుల్ పాల టీ పోస్తూ, ఈ మనిషికి నాకంటే డేగే ఎక్కువని లోపల నవ్వుకుంది.

కూతురు చొల్పొన్ నవ్వలేదు. యాత్రికులను కొండల్లో తిప్పే పని ఆమెది. వేసవిలో తండ్రి తుమార్‌ను సరస్సు ఒడ్డున ఎండలో నిలబెట్టి, వచ్చినవాళ్ళందరి చేతుల మీదా ఎక్కించి ఫొటోలు తీయించడం ఆమెకు గిట్టేది కాదు. ఈకలు రాల్చే కాలంలో డేగను చీకటి కొట్టంలో కదపకుండా ఉంచాలని నేర్పింది సాగిన్ తండ్రే. సాగిన్ మరిచాడు. బురుల్ మాత్రం తక్కువ తిందా? ఆ ఫొటోల పక్కనే రొట్టె, జామ్ అమ్ముకుంది.

చొల్పొన్ తోలు చేతొడుగు వేసుకుని తుమార్‌ను బయటికి తెచ్చింది. కుడిరెక్క విప్పి చూసింది.

"అమ్మా, ఇలా రా."

బురుల్ వచ్చి రెక్క మీదికి వంగి చూసింది. పొడుగాటి ఈకలు రాలలేదు, విరగలేదు. వరసగా తెగి ఉన్నాయి. చలికాలమంతా సాగిన్ వేటకు ఎందుకు పోలేదో అప్పుడర్థమైంది. కంబళ్ళు కోసే తన కత్తెర నిరుడు అతను అడిగి తీసుకెళ్ళాడు. పదును పోగొట్టాడని తనే తిట్టింది కూడా.

"నా కత్తెరతోనేనా?" అంది.

సాగిన్ తల దించుకున్నాడు. నిరుడు ఎవరో ఫొటో దిగుతుంటే తుమార్ ఎగిరిపోయి మూడు రోజులు రాలేదట. తిరిగొచ్చాక, మళ్ళీ పోకుండా రెక్క కత్తిరించాడట. "డేగ వదిలిపోయిన వేటగాడంటే ఊరు నవ్వదా? ఈకలు మళ్ళీ వస్తాయిలే అనుకున్నా. ఇంకా రాలేదు. చెప్పడానికి నోరు పెగల్లేదు."

"ఇవాళ కొండ మీద వదిలేసుంటే నక్కలు పీక్కుతినేవి నాన్నా. విందు దానికి కాదు, నక్కలకి పెట్టేవాడివి."

బయట జీపు హారన్ మోగింది. డేగతో ఫొటో దిగడానికి ఎవరో వచ్చారు. చొల్పొన్ కదలబోతే బురుల్ ఆపి, తనే వాకిలిదాకా వెళ్ళింది. పక్షికి ఒంట్లో బాగాలేదని, ఇకమీదట ఎవరి చేతిమీదా కూర్చోదని చెప్పి పంపేసింది.

తిరిగొచ్చేసరికి సాగిన్ పొట్టేలును కోస్తున్నాడు. వీడ్కోలుకు కాదు. పాత ఈకలు రాలి కొత్తవి రావాలంటే మంచి మాంసం, చీకటి, నిశ్శబ్దం కావాలి. రెండు వేసవులు పట్టినా ఆగుతానన్నాడు. మొదటి ముక్క తుమార్ ముందు పెట్టాడు.

అది తింది. తిన్నాక, పన్నెండేళ్ళ అలవాటు చొప్పున అతని చేతి మీదికి ఎగరబోయి పక్కకు ఒరిగి నేలమీద పడింది.

సాగిన్ అక్కడే కూలబడి పెద్దగా ఏడ్చాడు. బురుల్ కూడా ఏడ్చింది. చొల్పొన్ వచ్చి తండ్రి భుజం పట్టుకుంది. తుమార్ లేచి, నడుచుకుంటూ అతని చేతి దగ్గరికి వచ్చింది.