మూడో పిలుపు

ఆ మెస్సు వెనక పెరట్లోంచి చీకటి పడ్డాక ఎవరు పిలిచినా వెంటనే పలకకూడదు. కలకత్తాలో ఆ సందు తెలిసిన విద్యార్థులందరికీ ఆ మాట తెలుసు. ఇది ఆ మెస్సులోని పాతవాళ్లు చెప్పగా విన్నదే.

పెరడంటే పెద్దదేం కాదు. చుట్టూ ఎత్తయిన గోడలు, మధ్యలో నీళ్లతొట్టి, ఆ చివర మరుగుదొడ్డి. వానాకాలం వస్తే రాళ్లనిండా పాచి. హరిపద అనే కుర్రాడు ఒక రాత్రి ఆ పాచి మీద జారి, నడుం విరిగి, తెల్లవార్లూ అక్కడే పడి పిలిచాడట. ఇంటినిండా కుర్రాళ్లుండి కూడా ఒక్కడూ లేవలేదు. పొద్దున చూస్తే ప్రాణం లేదు.

అప్పట్నించీ పెరట్లో నిశి అనే దయ్యం ఉందన్నారు. నిశి తెలిసిన గొంతుతో పేరుపెట్టి పిలుస్తుంది. పలికామా — దాని వెంట వెళ్లిపోవలసిందే. కాకపోతే అది రెండుసార్లే పిలవగలదు. మూడోసారి పిలిచే శక్తి దానికి లేదు. అందుకని రాత్రిపూట మూడో పిలుపు వినిపిస్తేగాని ఆ మెస్సులో ఎవరూ పలికేవారు కాదు.

పగలు మాత్రం అదొక వేళాకోళం. వంటమనిషి అన్నానికి కేకేస్తే, మేడమీంచి ఎవడో ఒకడు తల బయటపెట్టేవాడు. "ఠాకూర్, ఇంకో రెండుసార్లు పిలువు! నువ్వు మనిషివో కాదో తేలాలి."

"చేపలపులుసు చల్లారిపోతే అదే తేలుతుందిలే బాబూ!"

రాత్రి ఎవరూ నవ్వేవాళ్లు కాదు.

ఖగేన్ ఆ మెస్సులో ఉండి బి.ఏ. చదివేవాడు. తర్కంలో క్లాసుకి మొదటివాడు. కాలేజీ చర్చాసభలో అతను లేచి నిలబడితే ప్రిన్సిపాల్ దొర కూడా కుర్చీలో ముందుకి వంగి వినేవాడు. పక్కగదిలో బిధు. ఇద్దరిదీ బారిశాల్ జిల్లాలో ఒకే ఊరు. బిధు కాలేజీలో చేరడానికి బయల్దేరిన రోజున, స్టీమరు రేవులో వాళ్లమ్మ ఖగేన్ చెయ్యి పట్టుకుంది.

"వీడికి నోరు లేదు నాయనా. ఆకలేసినా చెప్పడు. నువ్వే కనిపెట్టుకుని ఉండాలి."

"నా తమ్ముడే అనుకోండి పిన్నీ" అన్నాడు ఖగేన్.

శనివారం వచ్చిందంటే దగ్గర ఊళ్లవాళ్లు రైలెక్కి ఇళ్లకి పోయేవారు. ఆ శ్రావణంలో ఒక శనివారం మెస్సంతా అలాగే ఖాళీ అయింది. వంటమనిషి కూడా పెందలాడే వంట ముగించి తన ఊరివాళ్ల బసకి వెళ్లిపోయాడు. మిగిలింది వీళ్లిద్దరే. బయట ఒకటే వాన.

సోమవారం చర్చాసభ ఉంది. విషయం — మూఢనమ్మకాలు దేశానికి చేటు. ఖగేన్ దీపం ముందు కూర్చుని ఉపన్యాసం రాసుకుంటున్నాడు. పక్కగది తలుపు తెరుచుకోవడం... మెట్లమీద అడుగులు... మళ్లీ పైకి రావడం... మళ్లీ దిగడం... సాయంత్రం నించీ వింటూనే ఉన్నాడు. వింటూనే రాసుకుంటున్నాడు.

గుమ్మం దగ్గర ఎవరో ఆగారు.

"ఖగేన్ దాదా..." గుసగుసగా.

"ఏమిట్రా బిధూ?" అన్నాడు గాని తల ఎత్తలేదు.

"కిందికి... తోడు వస్తావా..."

"ఆ గుసగుసలేమిట్రా? నిశి వింటుందనా?" ఖగేన్ నవ్వాడు. "రోడ్డుమీద ఆ షర్బత్తు తాగొద్దన్నానా, లేదా? లాంతరు పట్టుకుపో. మీసాలొచ్చాయి, ఇంకా తోడేమిటి!"

తర్వాత మరేదో మాట — వానలో వినబడలేదు.

"ఈ పేజీ కానీరా" అన్నాడు ఖగేన్.

అడుగులు మెట్లు దిగాయి. ఒక్కో మెట్టు మీదా ఆగి... ఆగి...

పేజీ అయింది. ఇంకో పేజీ కూడా అయింది. వాన వెలిసింది.

అప్పుడు — పెరట్లోంచి —

"ఖగేన్ దాదా!"

బిధు గొంతే. ఖంగుమంటూ, స్పష్టంగా.

ఖగేన్ చటుక్కున లేచాడు. తలుపుదాకా వెళ్లి ఆగిపోయాడు. ఇల్లంతా చీకటి. బిధు ఇంకా కిందే ఉన్నాడా? ఎప్పుడో పైకొచ్చి పడుకున్నాడా? తెలియదు. తను చూడలేదు. పక్కగదిలోకి తొంగిచూస్తే తేలిపోయేది. కాని, కాలు గుమ్మం దాటనంది.

"ఖగేన్ దాదా!"

ఈసారి ఇంకా గట్టిగా. కిటికీ రెక్క అదిరినట్టయింది.

ఖగేన్ ఊపిరి బిగబట్టాడు. ఇంకొక్కసారి... ఇంకొక్కసారి పిలిస్తే వాడు బిధు. పరుగెత్తుకుని పోతాను...

చూరునించి తొట్టిలోకి నీటిచుక్కలు పడుతున్న చప్పుడు. అంతే.

మూడో పిలుపు రాలేదు.

తలుపు మూసి గడియ పెట్టాడు. వెళ్లకుండా ఉండి ప్రాణం దక్కించుకున్నానన్న తృప్తితో, తెల్లవారుజామున నిద్ర కూడా పోయాడు.

పొద్దున వంటమనిషి కేకలకి మెలకువ వచ్చింది. ఆ పిలుపులు ఎవరూ లెక్కపెట్టలేదు.

తొట్టి పక్కన బిధు ముడుచుకుని పడి ఉన్నాడు. కళ్లు లోతుకి పోయాయి. వేళ్లు నీళ్లలో నానినట్టు ముడతలు పడ్డాయి. లాంతరు ఆరిపోయి ఉంది. సందు చివరి డాక్టరు ప్రియనాథ్ బాబు వచ్చి, చెయ్యి పట్టుకుని చూసి వదిలేశాడు.

"కలరా. పోయి ఎంతోసేపు కాలేదు. రాత్రే నాకు కబురు పెడితే బతికేవాడేమో."

"రాత్రి నన్ను... పిలిచాడండీ. రెండుసార్లు" అన్నాడు ఖగేన్.

"నీ గదికొచ్చా?"

"కాదు. ఇక్కణ్ణించే. గట్టిగా."

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "అది జరిగే పని కాదు. ఈ రోగం ముదిరితే గొంతు పోతుంది. పక్కనున్నవాడికి గుసగుసగా వినబడితే అదే గొప్ప. ఇతనికి నిన్న రాత్రికే పోయి ఉంటుంది. నువ్వు గమనించలేదూ?"

గుమ్మం దగ్గరి ఆ గుసగుస... ఖగేన్‌కి ఇప్పుడు గుర్తొచ్చింది.

"మేడమీదికి వినబడేట్టు ఇతను పిలిచే ప్రశ్నే లేదు" అన్నాడు డాక్టరు, చేతులు కడుక్కుంటూ. "ఇంట్లో ఇంకెవరున్నారు?"

ఎవరూ లేరు.

ఖగేన్ పాచిపట్టిన ఆ రాళ్లవైపు చూశాడు. హరిపద పడి ఉన్నదీ అక్కడే. పిలిచి పిలిచి, ఎవరూ రాక చనిపోయినవాడు. తన చోటనే ఇంకొకడు గొంతు పెగలక పడి ఉంటే — వాడి గొంతుతో, మేడమీద దీపం వెలుగుతున్న ఆ ఒక్క కిటికీకేసి సాయానికి పిలిచాడేమో...

మూడోసారి పిలిచే శక్తి దానికి లేదు. ఆ సంగతి ఖగేన్‌కి ముందే తెలుసు.

దానికి చేతనైనంతా అది చేసింది.