నాలుగు డాలర్ల మోతాదు

గల్ఫ్‌లో నేను పనిచేసే బనియాస్‌లో, మా వీధి నెట్ కేఫ్‌లో ఆ సాయంత్రం ఒక్క కుర్చీ కూడా ఖాళీ లేదు. నేను పోకర్ పేకాట సైట్ తెరిచి, ఓడిపోయిన కోపంలో తెలుగులో తిట్టుకుంటున్నాను.

"ఇంకెంతసేపండీ?" వెనక ఒక నర్సమ్మాయి. తెల్ల యూనిఫాం కూడా మార్చుకోలేదు. "మా అక్కకి పాప పుట్టింది. వెబ్‌క్యామ్‌లో చూడాలి."

"ఒక్క టోర్నమెంట్ ఆడి లేస్తానండీ."

ఆమె స్క్రీన్ వైపు చూసింది. "అకౌంట్లో ఎంతుంది?"

"రెండొందల డాలర్లు."

"ఈ ఆటకెంత?"

"రెండొందలే. పోయిందంతా ఒక్క దెబ్బతో లాగేస్తా."

"ఓడితే ఖలాస్ కదా. జ్వరం తొందరగా తగ్గాలని స్ట్రిప్ మొత్తం ఒకేసారి మింగుతారా ఎవరైనా?"

ఏడాదిగా కూడబెట్టిన డబ్బు అది. ఒళ్లు మండింది గానీ, కుర్చీ వదిలి లేచాను. పాపను చూసి ఆమె ఏడ్చింది, నవ్వింది. తర్వాత నా వైపు తిరిగింది.

"థాంక్సండీ. నా పేరు షర్మిల. మాది నరసాపురం."

"నేను ప్రభుకిరణ్. మాది పాలకొల్లు. మరి డోసెంతో చెప్పండి నర్సుగారూ."

"యాభయ్యో వంతు. నాలుగు డాలర్లు. ఓడినా రేపు ఆడటానికి మిగలాలి కదా."

నవ్వాను గానీ పాటించాను. నెలంతా వరసగా ఓడినా అకౌంట్ బతికే ఉంది. షర్మిల వచ్చినప్పుడల్లా "పేషెంట్ ఎలా ఉన్నాడు?" అని అడిగేది. ఆ ప్రశ్న కోసమే రోజూ కేఫ్‌కి వెళ్లేవాణ్ణి.

చివరికి ఒక నాలుగు డాలర్ల ఆటలో రెండో స్థానం వచ్చింది. ఆరొందల డాలర్లు. అవన్నీ పెట్టి ఉంగరం కొని, షర్మిల ముందు పెట్టాను.

"మీరంటే నాకు ఇష్టమండీ. పెళ్లి చేసుకుందాం."

"గెలిచిందంతా దీనికే పెట్టేశారా?"

"ఆ."

"నేను చెప్పింది మీకు వంటబట్టలేదు." ఉంగరం డబ్బా మూసి నా చేతికిచ్చేసింది. "ఈ శుక్రవారం చర్చికి రండి. తర్వాత టీ తాగుదాం. పై శుక్రవారం సంగతి అప్పుడు చూద్దాం."

ఇక్కడ సెలవు శుక్రవారమే, నేను తీరిగ్గా టోర్నమెంట్లు ఆడేదీ ఆ రోజే. అవి మానేసి చర్చికే వెళ్లాను. అలా ఎన్నో శుక్రవారాలు గడిచాయి, డబ్బా మాత్రం జేబులోనే ఉంది.

ఒకరోజు టీ తాగుతుండగా షర్మిల తన ఫోన్ అందించింది. అవతల వాళ్ల నాన్న జకరయ్యగారు.

"అమ్మాయి అంతా చెప్పింది బాబూ. మాకు సంతోషం. దేవుడు మిమ్మల్ని దీవించాలి."

ఆ రోజు పుట్టిన పాపకి, ఖాళీ లేని ఆ కేఫ్‌కి, నన్ను కుర్చీలోంచి లేపిన ఈ పిల్లకి ఎంత కృతజ్ఞత చెప్పుకున్నా తీరదు.

జేబులోంచి డబ్బా తీశాను. "ఇప్పుడో?"

"కోర్సు పూర్తయింది," అంటూ షర్మిల చేయి చాపింది.