గట్టు మీద మనిషికి జవాబు

రావులపాలెం అరటి మార్కెట్టుకు ఎదురుగా, ఎరువుల కొట్టు మీది మేడగదిలో ఉంటుంది భవానీదేవి డిటెక్టివ్ ఆఫీసు. వచ్చే పనుల్లో ముప్పాతిక వంతు పెళ్ళిసంబంధాల వాకబులే. అయినా నాలుగేళ్ళుగా అక్కడ పనిచేస్తున్న తులసికి ఆ ఉద్యోగం మీద మోజు తగ్గలేదు. ఇరవై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చెవులకు గొట్టాలు పెట్టుకుని కూర్చున్న భవానీదేవి, గొంతు వింటే చాలు, మనిషి నిజం నుంచి ఎంత దూరంలో నిలబడి మాట్లాడుతున్నాడో చెప్పేసేది. ఆవిడ చేతిలో పడ్డ చిక్కు విడకుండా ఉండదని తులసి నమ్మకం.

మాఘమాసంలో ఒక మంగళవారం పొద్దున్న, చేతిసంచీని గుండెకు అదుముకుని ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా అమ్మాయిని ఎవరో ఎత్తుకుపోయేరండి."

తులసి పుస్తకం తెరిచి వయసెంతని అడిగింది.

"ఇరవై అయిదండి. చనిపోయి ఏడు నెలలైంది."

తులసి కలం ఆగిపోయింది. భవానీదేవి మాత్రం లేచి, ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

ఆవిడ పేరు జయమ్మ. కొత్తపేట అవతల ఊరు. భర్త వెంకటరమణకు ఇంటి పెరట్లోనే కొబ్బరిపీచు మిల్లుంది. ఒక్కతే కూతురు, నాగదుర్గ. హైదరాబాదులో ఉద్యోగం మానేసి వచ్చి, మేడమీద గదిలో కూర్చుని కంప్యూటర్ల గురించి తెలుగులో వీడియోలు చేసేది. ఛానెల్ పేరు 'స్క్రూడ్రైవర్ దుర్గ'. తనకు తోచినవేవీ చేసేది కాదు. చూసేవాళ్ళు కింద రాసి అడిగినవే చేసేది. ఆషాఢంలో డెంగీ జ్వరం వచ్చి అయిదు రోజుల్లో పోయింది.

పోయేనాటికి రికార్డు చేసి బయటపెట్టని వీడియోలు పదకొండున్నాయి. దుర్గ స్నేహితురాలు మెర్సీ సాయంతో జయమ్మ నెలకొకటి చొప్పున వాటిని వదులుతోంది. చూసేవాళ్ళకు పిల్ల పోయిన సంగతి తెలియదు. అక్కా, ఇది చెయ్యండి, అది చెయ్యండి అని రాస్తూనే ఉన్నారు. జయమ్మ కూతురి పేరుతో 'తప్పకుండా చేస్తాను' అని జవాబిస్తూనే ఉంది. ఏడు వీడియోలు వెళ్ళాయి. మొన్న ఆదివారం కంప్యూటర్ తెరిస్తే మిగతావి లేవు. మెర్సీ వచ్చి డబ్బా విప్పి చూసింది. వీడియోలుండే హార్డ్ డిస్కునే ఎవరో తీసుకుపోయారు.

"ఇంకా నాలుగు నెలలుందండి నా పిల్ల," అంది జయమ్మ. "ఆ నాలుగూ ఇప్పించండి. ఆ తరవాత ఇంకేం అడగను."

భవానీదేవి రెండే ప్రశ్నలు వేసింది. కాపీ ఉందా అని మొదటిది. లేదు. కాపీ తీస్తే ఎవరో ఒకరు ముందే చూసేస్తారని జయమ్మ మెర్సీచేత ఒట్టు వేయించుకుంది. తనూ చూడలేదు, చూసేస్తే అయిపోతుందని. ఇంకేమైనా పోయిందా అన్నది రెండోది. జయమ్మ ఆలోచించి, అదేం లెక్కలోది కాదంది. పాత స్టీలు పోపులపెట్టె. దుర్గ అందులో మరలు వేసుకునేది.

భవానీదేవి తులసి వైపు చూసి, "అది రాసుకో," అంది.

జయమ్మ సంచీలోంచి మెర్సీ చేతిరాతతో ఉన్న కాగితం తీసింది. మిగిలిన నాలుగు వీడియోల పేర్లు. పదిహేను వేలలో గ్రాఫిక్స్ కార్డు. ఇన్వర్టర్ మీద కంప్యూటర్ నడపొచ్చా. పాత ర్యామ్ పనికొస్తుందా. చివరిది, గట్టు మీద మనిషికి జవాబు.

ఆ మనిషెవరని తులసి అడిగితే, ఎవరో చూసేవాళ్ళలో ఒకరై ఉంటారంది జయమ్మ.

మర్నాడు ఇద్దరూ ఆ ఊరు వెళ్ళారు. మేడగది తాళంచెవి వంటింట్లో మేకుకే వేలాడుతోంది; ఇంట్లో మసిలే ఎవరికైనా అందుతుంది. కంప్యూటర్ డబ్బాలో వైర్లు పద్ధతిగా చుట్టి కట్టి ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డు దాని చోట అదుంది. గాలి లాగే ఫ్యాన్ రెక్కలకు గోధుమరంగు నూగు పట్టి ఉంది. తులసి వేలితో తీసి చూసింది. కొబ్బరిపీచు. కిటికీ కిందే మిల్లు.

జయమ్మ తమ్ముడు బుల్లబ్బాయి కొత్తపేటలో పాత కంప్యూటర్లు కొని అమ్ముతాడు. ఆ డబ్బా మీద అతనికి ఎప్పట్నుంచో కన్నుంది. అమ్మెయ్యమని అక్కను రెండుసార్లు అడిగాడు కూడా. తనను అనుమానిస్తున్నారని తెలిసి ఎకసెక్కంగా నవ్వాడు.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీరు ఈశ్వరుడికంటే పెద్దోరాండి?"

"కాదండి. నాకు ఆదివారం సెలవు," అంది భవానీదేవి.

మెర్సీ బడిలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. సొంతంగా ఛానెల్ పెట్టాలనుకున్న మాట నిజమేనని తనే చెప్పింది. చెబుతూ ఏడ్చేసింది. ఒట్టు తప్పి కాపీ తీసి ఉంటే బాగుండేదని రోజూ అనుకుంటోందట.

వెంకటరమణ మిల్లు గుమ్మంలో నిలబడే మాట్లాడాడు. భుజాల మీద పీచు దుమ్ము. కూతురు ఉద్యోగం వదిలి వచ్చిన రోజు నుంచి రెండేళ్ళు ఆమెతో మాట్లాడలేదని ఊరంతా చెప్పింది. ఆయనా దాచలేదు.

"మీరు అమ్మాయి వీడియోలు చూసేవారాండి?" అంది భవానీదేవి.

"ఆయ్, నేనాండి? ఒక్కటీ చూడలేదండి. నాకా డబ్బా సంగతులేం తెలుస్తాయండి."

అంతలో ఒంటిగంటన్నర అయింది. మిల్లు ఆగింది. కూలీలు క్యారేజీలు విప్పుకున్నారు. వెంకటరమణ అన్నం తిన్నాననిపించి, అరుగు మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. బస్సు కోసం నడుస్తూ తులసి వెనక్కి చూస్తే, ఆయన ముఖం మీద ఫోను వెలుగు కనిపించింది.

తరవాత మూడు రోజులు వాళ్ళిద్దరూ ఆఫీసులో కూర్చుని ఛానెల్ మొత్తం చూశారు. కంప్యూటర్ విప్పడం ఇంత సులువా అనిపించేలా చెప్పేది దుర్గ. గలగలమనే గొంతు. 'బ్రో, మదర్‌బోర్డు వీడియో చెయ్యి' అని రాసినవాడికి, 'చేస్తాను గానీ బ్రో, నాకు జడుంది' అని జవాబిచ్చింది. తులసికి నవ్వొచ్చింది, వెంటనే ఎలాగో అయిపోయింది.

రెండో రోజు ఒక వీడియో దొరికింది. పాత కంప్యూటర్ అమ్మేముందు అందులో మన ఫోటోలు ఎవరికీ దొరక్కుండా ఏం చెయ్యాలని చాలామంది అడిగారట. చెరిపేస్తే చాలదు, నీళ్ళలో వేసినా చాలదు అని చెప్పి, దుర్గ పాత హార్డ్ డిస్కు ఒకటి కెమెరా ముందు పెట్టింది. నక్షత్రం మూతి స్క్రూడ్రైవర్‌తో చుట్టూ ఉన్న ఆరు మరలు తీసింది. మూత రాలేదు. నడుమ కాగితం కింద ఏడో మర దాక్కుని ఉంటుందని చూపించింది. "చుట్టూ ఆరు, మధ్యలో ఒకటి. మా అమ్మ పోపులపెట్టెలాగే. ఏ మర ఎక్కడిదో ఆ గిన్నెలో వెయ్యండి, తప్పరు." ఆ తరవాత లోపలున్న అద్దంలాంటి బిళ్ళను రెండువైపులా గరుకుకాగితంతో రుద్దింది. ఇంక బ్రహ్మదేవుడు దిగొచ్చినా ఇందులోంచి ఏమీ తీయలేడంది నవ్వుతూ.

మూడో రోజు భవానీదేవి వీడియోలు వదిలేసి, 'గట్టు మీద మనిషి' అన్న పేరుతో వచ్చిన కామెంట్లన్నీ వరసగా రాయించింది. రెండేళ్ళలో అరవై ఒకటి. ఫ్యాన్లలోకి కొబ్బరిపీచు దుమ్ము పోకుండా ఏం చెయ్యాలి. మేడగదిలో చీమలు పడితే కంప్యూటర్‌కు ప్రమాదమా. ఎక్కువసేపు కూర్చుంటే నడుం నొప్పి రాకుండా కుర్చీ ఎలాంటిది కొనాలి. అన్నీ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకూ రెండున్నరకూ మధ్య రాసినవే. దుర్గ ఒక్కటీ వదలకుండా జవాబిచ్చింది. ఆమె పోయాక ఆరు నెలలు ఆ పేరు కనిపించలేదు. ఏడో వీడియో కింద మాత్రం ఒక్క వాక్యం ఉంది. 'ఒంట్లో ఎలా ఉందమ్మా?' దాని కింద ఛానెల్ జవాబు. 'బాగానే ఉన్నాను అంకుల్. మీరడిగింది తప్పకుండా చేస్తాను.'

ఆ జవాబు వెళ్ళింది శుక్రవారం. ఆదివారానికి డిస్కు లేదు.

చిక్కు విడినప్పుడల్లా భవానీదేవి టీ చెప్పించేది. ఈసారి కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది.

"ఈ పని ఒప్పుకోకుండా ఉండాల్సింది తులసీ," అంది.

సోమవారం పదకొండింటికి అందర్నీ దుర్గ మేడగదిలో కూర్చోబెట్టారు. బుల్లబ్బాయి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. వెంకటరమణ కిటికీ దగ్గర, బయటకు చూస్తూ. భవానీదేవి గొంతు పెంచకుండా మొదలుపెట్టింది. బుల్లబ్బాయే వచ్చి ఉంటే, అమ్ముడయ్యే గ్రాఫిక్స్ కార్డు వదిలి పాత డిస్కు పట్టుకెళ్ళేవాడు కాదు. మెర్సీ కావాలనుకుంటే ఏడు నెలల్లో ఎప్పుడైనా కాపీ తీసుకునేది. డిస్కు మాయం చేస్తే ఆమెకూ ఏమీ మిగలదు. పైగా వీళ్ళిద్దరూ పని తెలిసినవాళ్ళు. మరలు వేసుకోవడానికి పోపులపెట్టె అక్కర్లేదు.

"ఆ పెట్టె ఎవరికి కావాలండి? పని తెలియనివాళ్ళకి. దుర్గ వీడియో చూసి, దుర్గ చెప్పినట్టే చేసినవాళ్ళకి. ఒక్క మెట్టు తప్పినా భయపడేవాళ్ళకి."

తరవాత ఆవిడ గట్టు మీద మనిషి ప్రశ్నలు చదివింది. పీచు దుమ్ము దగ్గర బుల్లబ్బాయి తల ఎత్తాడు. చీమల దగ్గర జయమ్మ తల తిప్పి భర్తను చూసింది. చివరి వాక్యం, దాని కింది జవాబు కూడా చదివింది.

వెంకటరమణ కాదనలేదు. కిందకు వెళ్ళి తువ్వాలులో చుట్టిన మూట తెచ్చి బల్ల మీద పెట్టాడు. పోపులపెట్టెలో ఏడు గిన్నెలు, ఏడు మరలు. పక్కనే విప్పిన డిస్కు. బిళ్ళ మీద మెరుపు లేదు. రెండువైపులా గీతలు పడి, అరిగిపోయిన సత్తుపళ్ళెంలా ఉంది.

"పిల్ల లేదని తెలుసండి నాకు. నేనే కదా మోసేను," అన్నాడు. "అయినా చెయ్యి ఊరుకోక రాసేను. బాగానే ఉన్నానని వచ్చింది. ఒక్క క్షణం నమ్మేనండి. ఆ తరవాత, ఈవిడ కింద వంటింట్లో కూర్చుని రాసిందని తెలిసింది. వీడియో పెడతారు, వాళ్ళు అడుగుతారు, ఈవిడ చేస్తానంటుంది. చచ్చిపోయిన పిల్లచేత ఇంకా చాకిరీ చేయిస్తున్నట్టుండేదండి."

"నాతో చెబితే మానేసేదాన్ని కదా," అంది జయమ్మ.

"మనం మాట్లాడుకుని ఎన్నాళ్ళయ్యిందే."

భవానీదేవి సంచీలోంచి మెర్సీ రాసిన కాగితం తీసి, కొంచెంసేపు చేతిలోనే ఉంచుకుంది. చెప్పకుండా వదిలెయ్యాలని ఆవిడ అనుకుంటోందని తులసికి తెలిసింది. కానీ ఆ కాగితం ఇంట్లోదే. రేపైనా ఆయన చూస్తాడు. భవానీదేవి దాన్ని ఆయన చేతికిచ్చింది. ఆయన పెదవులు కదుపుతూ చదివాడు. నాలుగో పేరు దగ్గర పెదవులు ఆగిపోయాయి.

"ఆ మనిషి నేనని దానికి తెలీదు కదండి," అన్నాడు.

మెర్సీ ఫోనులో పాత వీడియో ఒకటి పెట్టింది. దుర్గ నవ్వుతోంది. "గట్టు మీద అంకుల్, కుర్చీ సంగతి వచ్చేవారం చెబుతాను గానీ, భోంచేసిన వెంటనే ఫోను పట్టుకుని పడుకోకండి. బీపీ మాత్ర వేసుకున్నారా?"

"అరవై ఒక్కసార్లు రాసేరండి మీరు," అంది భవానీదేవి నెమ్మదిగా. "ఎక్కడా బీపీ ఉందని రాయలేదు."

వెంకటరమణ తల ఊపాడు. "అందరినీ అలాగే అడుగుతుందనుకున్నానండి."

ఇందులోంచి ఏమైనా తీయగలరా అని ఆయన మెర్సీని అడిగాడు. మెర్సీ తీయలేమంది. హైదరాబాదు పట్టుకెళ్తేనో అన్నాడు. బుల్లబ్బాయి దగ్గరకొచ్చి, బావ భుజం మీద చెయ్యి వేసి, "పిల్ల రుద్దమన్నట్టే రుద్దేవు బావా," అన్నాడు. ఆ మాటలో ఎకసెక్కం లేదు.

జయమ్మ ఆ బిళ్ళను చేతిలోకి తీసుకుని, చీర కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. ఒకవైపు తుడిచి, తిప్పి రెండోవైపు తుడిచింది. మళ్ళీ మొదటివైపు తిప్పింది.

తిరుగు బస్సు కొత్తపేటలో ఒకటీ ఇరవైకి దొరికింది. తులసి ఎదురుచూసింది. ఇప్పుడైనా మేడంగారు, ఎక్కడో ఒక కాపీ ఉండి ఉంటుందనో, ఫలానా మనిషిని అడుగుదామనో అంటుందనుకుంది. భవానీదేవి కళ్ళు మూసుకుని కూర్చుంది. దారిలో అరటి గెలల లారీలు అడ్డంపడి బస్సు ఆగింది. ఊరకే ఉండలేక తులసి ఫోను తీసి 'స్క్రూడ్రైవర్ దుర్గ' తెరిచింది.

ఏడో వీడియో కింద కొత్తగా ఒకటి వచ్చింది. రెండు నిమిషాల కిందట.

'అమ్మా, గరుకుకాగితంతో రుద్దేసిన డిస్కులోంచి ఏమైనా తీయొచ్చా? వీలైతే వీడియో చెయ్యి.' రాసింది గట్టు మీద మనిషి.

తులసి ఫోనును భవానీదేవికి చూపించింది. ఆవిడ చదివి తిరిగి ఇచ్చేసింది. లారీలు కదిలాయి. రావులపాలెం వచ్చేదాకా తులసి చూస్తూనే ఉంది. ఆ ప్రశ్న కింద ఏ జవాబూ రాలేదు.