చివరి వరసలో నవ్వు

ఆ పాత సినిమా హాల్లో చివరి వరసకి ముందు నుంచీ చెడ్డపేరే. హాలు బాగా ఆడే రోజుల్లో కూడా అక్కడ టికెట్లు తెగేవి కావు. ఆ వరసలో కూర్చుంటే, దీపాలారాక పక్క సీట్లో మనవాళ్లే ఎవరో వచ్చి కూర్చుంటారట... పోయినవాళ్లు.

నేను నమ్మలేదు. మందుల షాపులో నా పక్క కౌంటర్‌లో ఉండే అమ్మాయి చెప్పేదాకా.

ఆ అమ్మాయి అన్నయ్య గడ్డం గీసుకుంటూ అద్దం ముందే కుప్పకూలిపోయాడు. గుండె ఆగిపోయింది. ఆయన భార్య టైలరమ్మ. ఆవిడ ఏడవలేదు. చుట్టాలు వెళ్లీ వెళ్లకముందే మిషన్ ముందు కూర్చుంది. ఎవరైనా పలకరించబోతే, "భుజాలు లూజు చేయాలా?" అనేది. వేలికి సూది దిగినా చూసుకునేది కాదు. గుడ్డకి రక్తం అంటితే మాత్రం, ఆ గుడ్డ ఉతికి ఆరేసేది.

ఈలోగా కాలనీ కమిటీవాళ్లు మూతపడి ఉన్న ఆ హాలు దులిపించి, ఒక పాత సినిమా ఉచితంగా వేస్తామన్నారు. మొగుడూ పెళ్లాం ఒకరినొకరు చంపాలని చూస్తూ చూస్తూ ప్రేమలో పడిపోయే నవ్వుల సినిమా.

"రా వదినా. ఇంట్లో కూర్చుని ఏం చేస్తావ్?"

"గుండీలు కుట్టాలి."

"రేపు కుడుదువుగానీ, లే."

లేచింది. రమ్మంటే వచ్చింది, అంతే.

వెళ్లేసరికి హాలు కిటకిటలాడుతోంది. చివరి వరస ఒక్కటే ఖాళీ. తలుపు దగ్గర ముసలి ఆపరేటర్ అడ్డం వచ్చాడు.

"అక్కడొద్దమ్మా... మెట్ల మీద సర్దుకోండి."

"ఎక్కడైతే ఏముందిలెండి," అని టైలరమ్మ వెళ్లి కూర్చుంది. ఎడమ పక్కన ఆడపడుచు. కుడి పక్కన ఖాళీ సీటు.

దీపాలారాయి.

తెర మీద పెళ్లాం కాఫీలో విషం కలిపింది. మొగుడు గుట్టుగా కప్పులు మార్చేశాడు. ఆవిడ మళ్లీ మార్చింది. ఇక "ముందు మీరు తాగండి", "అబ్బే, ముందు నువ్వు" అని ఒకటే మర్యాదలు. హాలంతా పగలబడి నవ్వింది. టైలరమ్మకి ఏమీ అనిపించలేదు. గోడకేసి చూసినట్టే చూస్తోంది.

నవ్వులు సద్దుమణిగాయి.

అప్పుడు... వినిపించింది.

ఒకే ఒక్క నవ్వు. బాగా ఆలస్యంగా. చివర్లో గొంతులోంచి సన్నగా ఈల వేసినట్టు.

ఆయన నవ్వు!

ఏ జోకైనా ఆయనకి అందరికంటే ఆలస్యంగా ఎక్కేది. అందరూ ఆపాక మొదలుపెట్టేవాడు. ఆ నవ్వు చూసి జనం మళ్లీ నవ్వేవాళ్లు.

టైలరమ్మ కుడి పక్కకి చూసింది. ఖాళీ సీటు. వెనక్కి చూసింది. గోడ. భయం వేయాలి కదా... వేయలేదట. ఒళ్లంతా మొద్దుబారి, ఎవరికో జరుగుతున్నట్టుందట.

మళ్లీ నవ్వు. ఈసారి మరీ దగ్గరగా, చెవిలోనే అన్నట్టు.

ముందు వరసవాళ్లు తిరిగి చూశారు. ఒకావిడ పిల్లని గబుక్కున ఒళ్లోకి లాక్కుంది. ఒక్కొక్కరే తిరుగుతున్నారు... అందరూ ఇటే చూస్తున్నారు.

టైలరమ్మ ఆడపడుచు చెయ్యి తడిమి పట్టుకుంది. ఆ చెయ్యి మంచులా ఉంది.

"విన్నావా?" గుసగుసగా అడిగింది. "మీ అన్నయ్యే... ఎక్కడున్నారు?"

ఆ అమ్మాయి టైలరమ్మ నోటికేసే చూస్తోంది.

"వదినా... నవ్వుతున్నది నువ్వే."

టైలరమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. పెదాలు తెరుచుకునే ఉన్నాయి. గొంతు అదురుతోంది. చెంపలు తడిసిపోయి ఉన్నాయి — ఎప్పుడు తడిశాయో తెలీదు. ఆ చేతి కింద నుంచే నవ్వు మళ్లీ వచ్చింది, చివర్లో ఈలతో సహా.

ఆడపడుచు లేచి నిలబడింది. "పద వదినా, పోదాం! ఇక్కడొద్దు!"

టైలరమ్మ కదల్లేదు. నోటి మీంచి మెల్లగా చెయ్యి తీసేసింది.

"ష్... కూర్చో," అంది, తన గొంతుతోనే. "సినిమా అయ్యేదాకా ఆయన్ని ఉండనీ."