స్వామి పటం కింద రెండు బ్యాండ్లు

మనకు ఎవరైనా మేలు చేస్తే దండం దేవుడికి పెట్టాలా, ఆ మనిషికి పెట్టాలా? ఈ సందేహం నాకు చాలా ఏళ్లుగా ఉంది. గురుస్వామిని అడిగాను. ఇద్దరికీ పెట్టు, నీ సొమ్మేం పోయింది అన్నారు. ఆ జవాబు బాగానే ఉంది కానీ, ముందు ఎవరికి అన్నది ఆయన చెప్పలేదు.

కరోనా రెండో ఏడు, డిసెంబరు నెల. నేను రాయదుర్గంలో ఒక పెద్ద ఆఫీసు బిల్డింగులో సెక్యూరిటీ గార్డును. ఏడో అంతస్తులో ఒక కంపెనీ ఉండేది. ముంబై నుంచి బయలుదేరే విహార నౌకలకు వాళ్లు చేతి బ్యాండ్లు తయారు చేస్తున్నారు. ఓడ ఎక్కిన ప్రతి మనిషీ దిగేదాకా ఆ బ్యాండ్ పెట్టుకునే ఉండాలి. ఎవరు ఎవరి పక్కన ఎంతసేపు ఉన్నారో అది రాసుకుంటుంది. ఒకరికి కరోనా వస్తే, వాళ్ల దగ్గరగా తిరిగిన వాళ్లను ఐదు నిమిషాల్లో పట్టుకోవచ్చు. అప్పట్లో ఆరోగ్య శాఖ రూల్సు అంత గట్టిగా ఉండేవి.

ఓడకు పంపే ముందు మా బిల్డింగులోనే ట్రయల్ పెట్టారు. గార్డులు, హౌస్‌కీపింగ్ వాళ్లు, ఆఫీసు వాళ్లు కలిపి అరవై మందిమి. నాకు పదిహేడో నంబరు వచ్చింది. నెల రోజులు తీయకూడదని సంతకం కూడా పెట్టించుకున్నారు.

నేను అప్పుడు అయ్యప్ప మాలలో ఉన్నాను. ఆ బ్యాండ్ పట్టీ నల్లగా, మెత్తగా ఉంది. తోలుదో రబ్బరుదో తెలియలేదు. దీక్షలో తోలు ముట్టకూడదు. అనుమానం ఉన్నది ఒంటి మీద ఉండొద్దు అన్నారు గురుస్వామి. ఏడో అంతస్తుకు వెళ్లి ఒక్క మాట అడిగితే రబ్బరేనని చెప్పేవాళ్లు. అడగడానికి మొహమాటపడ్డాను.

బేస్‌మెంట్‌లో మంచినీళ్ల క్యాన్లు పెట్టే చోట గోడకు వెంకటేశ్వరస్వామి పటం ఉండేది. కింద రెండు మేకులు, పటం లైటు కోసం ఒక ప్లగ్గు. పొద్దున ఆరింటికి డ్యూటీకి రాగానే బ్యాండ్‌ను ఒక మేకుకు తగిలించి దండం పెట్టుకునేవాడిని. రెండింటికి డ్యూటీ దిగి, తీసి సంచిలో వేసుకునేవాడిని. బ్యాండ్ బిల్డింగులోనే ఉంది కదా, ఎవరి చేతికుంటే ఏమిటి అనుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం చూస్తే పక్క మేకుకు ఇంకో బ్యాండ్ ఉంది. ముప్పై ఎనిమిది. నాలాంటి భక్తుడే ఎవరో అని సంతోషపడ్డాను. ఆ రోజు నుంచి అది అక్కడే ఉండేది. ఎవరిదో మాత్రం ఎప్పుడూ కనపడలేదు.

ఇంకొక వింత. ఆ బ్యాండ్లకు రెండు రోజులకోసారి చార్జింగ్ పెట్టాలని ముందే చెప్పారు. నేను ఒక్కనాడూ పెట్టలేదు. అయినా నా బ్యాండ్ మీద పచ్చ దీపం ఆరలేదు. స్వామి మహిమ అని ఇంట్లో అమ్మకు చెప్పాను. మా అమ్మ మల్లమ్మ నార్సింగిలో మా గల్లీ మొత్తానికి చెప్పింది.

పదకొండో రోజు నాకు జ్వరం వచ్చింది. టెస్టు చేస్తే పాజిటివ్. మేడ మీద రేకుల గదిలో పడుకున్నాను. మర్నాడు పొద్దున తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"పదిహేడు నంబరు మీదేనా అండి?"

"నాదే. మీరెవరు?"

"ముప్పై ఎనిమిది."

లేచి కూర్చున్నాను. మొదట్లో ఆ బ్యాండ్ ఎవరో ముసలాయనది అనుకున్నాను. ఇది ఆడపిల్ల గొంతు.

"చెప్పండి మాతా."

"మాత ఏమిటండీ? నాకు ఇరవై నాలుగేళ్లు."

"మాలల ఉన్న. ఆడవాళ్లందరినీ గట్లనే పిలవాలె."

"మాలలో ఉన్నవాళ్లు రోజూ ఆరు గంటలు ఆడపిల్ల పక్కన కూర్చోవచ్చా అండి మరి?"

నాకు ఏమీ అర్థం కాలేదు. ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పింది. పేరు పుణ్యవతి. రెండో అంతస్తు ప్యాంట్రీలో పని. నాకు పాజిటివ్ అని తెలియగానే ఏడో అంతస్తు కంప్యూటర్ ఒక లిస్టు తీసింది. అందులో మొదటి పేరు ఆమెది. పదకొండు రోజుల్లో తొమ్మిది రోజులు, రోజుకు ఆరు గంటలు, రెండడుగుల దూరం. పద్నాలుగు రోజులు ఇల్లు కదలొద్దని పంపేశారు. హౌస్‌కీపింగ్ వాళ్లంతా ముసిముసిగా నవ్వుతున్నారట. మదీనాగూడలో ఆమె ఉండేది పిన్ని వీరలక్ష్మి ఇంట్లో. ఆ ఆరు గంటలవాడు ఎవడే అని ఆ పిన్ని పొద్దుట్నుంచి చీపురు కింద పెట్టకుండా అడుగుతోందట.

"మిమ్మల్ని నేను ఒక్కసారైనా చూశానా అండి?"

"లేదు మాతా."

"మరి పక్కన ఎలా కూర్చున్నాను?"

నాకు మెల్లగా వెలిగింది. "మీరు బ్యాండ్ ఏడ పెడ్తరు?"

ఆమె గొంతు తగ్గింది.

"కప్పులు కడిగేటప్పుడు సబ్బు నీళ్లకు పాడవుతుందని తీసేదాన్ని. ఎవరూ ఎత్తుకుపోకుండా ఉంటుందని..." అని ఆగింది. "స్వామి పటం కింద."

ముందు ఆమే నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది.

ఆమె భయం తర్వాత చెప్పింది. పన్నెండు రోజుల్లో ముంబైలో ఓడ ఎక్కాలి. అదే బ్యాండ్లు వెళ్లే ఓడ, అందులో గదులు సర్దే ఉద్యోగం. ఉప్పాడ ఒడ్డున పుట్టిన మనిషి. తండ్రి, అన్నలు రోజూ వేటకు వెళ్లేవారు. తనూ వస్తానంటే ఆడపిల్ల పడవ ఎక్కకూడదని దింపేసేవారట. ఎప్పటికైనా సముద్రం మీదికి వెళ్లి తీరాలని హైదరాబాద్ వచ్చి, ప్యాంట్రీలో పని చేసుకుంటూ ఆరు నెలలు ట్రైనింగ్ తీసుకుంది. కరోనా ఉన్నవాళ్ల దగ్గర తిరిగినట్టు రికార్డు ఉంటే ఏజెన్సీ తీసుకోదు. టెస్టులో నెగెటివ్ వచ్చినా సరే, పద్నాలుగు రోజులంటే పద్నాలుగు రోజులే.

"నేను తీసి పెట్టినట్టు చెప్పేస్త. మీ పేరు రానియ్య," అన్నాను.

"అప్పుడు నా బ్యాండ్ ఒక్కటే అక్కడికి ఎలా వచ్చిందంటారు? సగం నిజం నాకు వద్దండి. ఇద్దరం తీశాం, ఇద్దరం చెబుదాం."

"నౌకరి పోతది మాతా."

"ఈ నౌకరీ పోతే ఇంకో ప్యాంట్రీ దొరుకుతుంది. ఆ ఓడ పోతే మళ్లీ రాదు."

ట్రయల్ చూసేది చైతన్య సార్, అనంతపురం మనిషి. నేను ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ట్రయల్ మొత్తం మీద మా జంటే బ్రహ్మాండంగా దొరికిందని, బ్యాండ్ ఎంత బాగా పని చేస్తుందో చూడండని ఆయన ముందురోజే ఓడ కంపెనీకి రిపోర్టు పంపారు.

"ఏం స్వామీ ఇట్లా చేస్తివి? రెండు మేకులను చూపించి గెలిచినామని రాస్తినే నేను," అన్నారు. ఆలోచించి చెబుతానని పెట్టేశారు.

ఆయన ఆలోచనకు పుణ్యవతి టైమివ్వలేదు. గంటకోసారి ఫోన్ చేసింది. తిట్టలేదు, ఏడవలేదు. ప్రతిసారీ ఒకటే మాట. బేస్‌మెంట్‌లో కెమెరా ఉంది, చూడండి. తొమ్మిదోసారికి ఆయన ఫోన్ ఎత్తడం మానేశారు. అప్పుడు నా వంతు వచ్చింది. గార్డును కాబట్టి ఏ కెమెరా ఏ గోడను చూస్తుందో నాకు తెలుసు. నంబరు, టైములు రాసి సార్‌కు మెసేజ్ పెట్టాను.

సాయంత్రానికి ఆయన మా ఇద్దరికీ ఒక వీడియో పంపారు.

పొద్దున ఆరింటికి నేను వచ్చి బ్యాండ్ తగిలించి వెళ్లాను. ఎనిమిదింటికి ఆమె వచ్చి తనది తగిలించి వెళ్లింది. తొమ్మిది రోజులూ అంతే. ఒక్కరోజు కూడా ఒకరికొకరం ఎదురుపడలేదు. అయితే మధ్యలో నేను చూడనిది ఒకటుంది. రోజు విడిచి రోజు, అన్నం తినడానికి వచ్చినప్పుడు ఆమె తన బ్యాండ్‌ను చార్జింగ్‌కు పెట్టేది. అది నిండాక దాన్ని తీసి, నా బ్యాండ్‌ను పెట్టేది. నేను డ్యూటీ దిగేలోపు మళ్లీ మేకుకు తగిలించేది. ఎవరిదో తెలియదు, అడిగినవాళ్లు లేరు. చీర కొంగుతో ప్లగ్గు తుడిచి మరీ పెట్టేది.

నేను రేకుల గది కిటికీలోంచి ఫోన్ చాపి అమ్మకు చూపించాను. ఆమె చాలాసేపు చూసి, "గల్లీల అందరికి మల్ల చెప్పాల్నా ఇప్పుడు?" అంది.

పుణ్యవతి ఇంకొకటి చూసింది. ఒక మధ్యాహ్నం ఆమె బ్యాండ్ కింద పడి ఉంది. నేను దాన్ని తీసి, నా కండువాతో తుడిచి, కళ్లకద్దుకున్నంత పని చేసి, మళ్లీ దాని మేకుకే తగిలించాను. నా పాటికి నేను మర్చిపోయాను. కెమెరా మర్చిపోలేదు.

చైతన్య సార్ మంచివారు. పాత రిపోర్టు తప్పని కంపెనీకి రాశారు. ఆమె నా దగ్గరికి రానే లేదని ఏజెన్సీకి ఉత్తరం ఇచ్చారు. చేతికి లేకపోతే మొత్తుకునేలా బ్యాండ్‌ను మార్చారు. అది ఒంటి వేడిని బట్టి తెలుసుకుంటుందట. మా కాంట్రాక్టరు మాత్రం నన్ను రాయదుర్గం నుంచి తీసేసి, కోకాపేటలో కడుతున్న టవర్ దగ్గర వేశాడు. ఆమె చివరి నెల జీతంలో కొంత కోశారు. ఇద్దరం కిమ్మనలేదు.

ఆ పది రోజులూ ఫోన్లో మాట్లాడుకున్నాం. కషాయం తాగారా అని అడిగేది. నేను తాగిన మాతా అనేవాడిని. మాత అన్నప్పుడల్లా ఒక రోజు ఎక్కువ జ్వరం రావాలని శపిస్తాననేది. ఓడ భాష నేర్చుకుంటున్నానని గుడ్ మార్నింగ్ మేడమ్ అని నాకు అప్పజెప్పేది. నేను మేడమ్‌నై వినేవాడిని.

ఐసొలేషన్ అయిన మర్నాడు లింగంపల్లి స్టేషన్‌కు వెళ్లాను. ముంబై రైలు మధ్యాహ్నం. ఇద్దరి మూతికీ మాస్కులు. నల్ల బట్టల్లో నేను ఆరడుగుల దూరంలో ఆగాను. వీరలక్ష్మి గారు పెట్టె మీద కూర్చుని నన్ను కింది నుంచి పై దాకా చూశారు.

పుణ్యవతి నేరుగా అడిగింది. "ఆ రోజు నా బ్యాండ్ అంత భద్రంగా ఎందుకు తుడిచారండి? ఎవరిదో కూడా తెలియదు కదా."

జవాబు నా నోటి దాకా వచ్చింది. కానీ మాలలో ఉండగా అనే మాట కాదది.

"ఇప్పుడు చెప్పరాదు మాతా," అన్నాను.

ఆమె కళ్లు నవ్వాయి. "దీక్ష అయ్యాక చెప్పండి. ఫోన్లో కాదు, ఎదురుగా. అప్పటిదాకా నాకు బాకీ."

ఓడ తొమ్మిది నెలలన్నారు. పదిహేడు నెలలైంది. కాంట్రాక్టు పొడిగించారు, ఆమె ఒప్పుకుంది. తీరానికి వచ్చినప్పుడు ఫోన్ చేసేది. అక్కడ జనం స్నానానికి కూడా బ్యాండ్ తీయరని, దానితోనే గది తలుపు తెరుచుకుంటుందని చెప్పేది. నేను జనవరిలో శబరిమల వెళ్లి వచ్చి మాల తీశాను. అప్పటి నుంచి పుణ్యవతి గారూ అనడం మొదలుపెట్టాను. ఆ బాకీ మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

ఒకసారి చైతన్య సార్ కోకాపేటకు ఫ్లాట్ చూసుకోవడానికి వచ్చి నన్ను గుర్తుపట్టారు. ల్యాప్‌టాప్ తెరిచి, "ఈ ఓడలో ఆ పాప ఎక్కడుందో, ఎవరితో తిరుగుతుందో ఇప్పుడే చూపిస్తా రా స్వామీ," అన్నారు.

చూడాలని మనసు కొట్టుకుంది. నెల రోజులుగా ఆమె ఫోన్ లేదు మరి.

"వద్దు సార్. ఆమెను అడగకుండ ఎట్ల చూస్త?"

ఆయన నా మొహం చూసి ల్యాప్‌టాప్ మూసేశారు. మరుసటి వారమే అదంతా పూసగుచ్చినట్టు ఆమెకు మెయిల్ రాశారని నాకు తర్వాత తెలిసింది.

మే నెలలో ఆమె తిరిగొచ్చింది. అప్పటికి బ్యాండ్ల రూలు ఎత్తేశారు. మర్నాడే అమ్మను తీసుకుని మదీనాగూడ వెళ్లాను. వీరలక్ష్మి గారు తలుపు తీసి, ఆరు గంటలబ్బాయి వచ్చాడే అని లోపలికి కేక వేశారు.

మాస్కు లేకుండా పుణ్యవతిని ఎదురుగా చూడడం అదే మొదలు. ఎండకు నల్లబడింది. నేను కూర్చోవడం మర్చిపోయాను.

పెద్దవాళ్లిద్దరూ పెళ్లి మాటల్లో పడ్డారు. కులగోత్రాలు తేలలేదు, ఊళ్లు కలవలేదు. అప్పుడు అమ్మ అసలు సంగతి అడిగింది.

"పెండ్లయినంక గూడ ఓడ ఎక్కుతవా బిడ్డా?"

"ఎక్కుతానండి. ఇంకో ఏడాది. సగంలో దిగను," అంది పుణ్యవతి.

అమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. నన్ను చూసింది, ఆమెను చూసింది.

"పదిహేడు నెలలు ఉన్నోడు, ఏడాది ఉండడా? ఎక్కు. కాని చలికి మంచిగ కప్పుకో," అంది.

వీరలక్ష్మి గారు కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లారు. పుణ్యవతి మాత్రం కదల్లేదు.

"పెద్దవాళ్ల మాట అయ్యింది. నా బాకీ సంగతేంటండి?"

అమ్మ పక్కనే ఉంది కదా అని అటు చూశాను. అమ్మ గోడ మీది క్యాలెండర్‌ను శ్రద్ధగా చదవడం మొదలుపెట్టింది.

"ఆ పట్టీ మీద సబ్బు చేత్తోని ముట్టిన మరక ఎండిపోయి ఉండె," అన్నాను. "పొద్దంతా నీళ్లల్ల నానే ఆడమనిషి చెయ్యి, ఎవరిదో అనుకున్న. ఆ చెయ్యిని ఒక్కసారి చూస్తే బాగుండు అనిపించింది. మాలల ఉండి అట్ల అనుకోవద్దు. అందుకే రైలు కాడ చెప్పలే. కొండ మీద స్వామికి తప్పు ఒప్పుకున్న. మీకు ఇప్పుడు చెప్తున్న."

"స్వామి ఏమన్నారు?"

"ఏమనలే. పదిహేడు నెలలు నిలబెట్టిండు."

పుణ్యవతి కుడిచెయ్యి నా ముందుకు చాపి, అరచేయి తెరిచింది. గదులు సర్ది సర్ది వేళ్ల చివర్లు కాయలు కాచి ఉన్నాయి.

"చూసుకోండి," అంది. "బాకీ తీరింది."