ఎండ చాటున హంతకుడు

మాచర్ల బస్టాండులో నిమ్మసోడా తాగుతూ తాగుతూ ఇంజనీరు పుల్లారావు కుప్పకూలాడు. వడదెబ్బ అన్నారు జనం. సోడాలో విషం అంది లాబ్.

మర్నాడు మధ్యాహ్నం ఏజెంట్ మస్తాన్‌రావు ఐస్‌ఫ్రూట్ బండి తోసుకుంటూ పుల్లారావు పనిచేసిన సబ్‌స్టేషన్‌లోకి వచ్చాడు. పెట్టెలో ఐస్ కింద వైర్‌లెస్ సెట్ ఉంది.

"గరుడా!" చీఫ్ గొంతు గుసగుసలాడింది. "నిరుడు వానలు మొహం చాటేశాయి, సాగర్ అడుగంటింది. పల్నాడు మంచినీళ్ళ మోటార్లన్నీ ఇప్పుడు ఆ ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ మీదే నడుస్తున్నాయి. పుల్లారావును చంపిన విదేశీ ముఠా మనిషి అక్కడే డ్యూటీలో ఉన్నాడు. జేబులో రిమోట్. ఆయిల్ టెంపరేచర్ రెడ్ మార్క్ తాకగానే నొక్కుతాడు. కూలింగ్ ఫ్యాన్లు ఆగి ట్రాన్స్‌ఫార్మర్ పేలుతుంది. నేరం ఎండ మీదకు పోతుంది. అనుమానం వస్తే అప్పటికప్పుడే నొక్కేస్తాడు, జాగ్రత్త!"

"మనిషెవరు సార్?"

"రాజేశ్వరికీ తెలీదట. ఓవర్."

రాజేశ్వరి ముఠాలో ఉంటూ మనకు కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. నల్ల కళ్ళద్దాలు, హైహీల్స్, ఎర్రని లిప్‌స్టిక్‌తో ఇన్‌స్పెక్షన్‌కొచ్చిన ఆఫీసరులా యార్డులో నిలబడింది. ఎవరి పక్షమో దేవుడికే తెలియాలి. మస్తాన్‌రావును చూసి చిన్నగా నవ్వింది.

మీటరు ముల్లు రెడ్ మార్క్‌కు వెంట్రుకవాసిలో ఉంది. ఇది పేలితే గుక్కెడు నీళ్ళు లేక జనం పిట్టల్లా రాలిపోతారు. చావంటే భయం లేదని ట్రైనింగులో ప్రమాణం చేశాడు గానీ, అప్పుడతని పక్కన ఇంత నూనె కాగుతూ లేదు.

డ్యూటీలో ముగ్గురు. ముగ్గురూ కొత్తవాళ్ళే.

"ఏందయ్యా, ఇంత ఎండలో వచ్చావ్? ఒకటియ్యి," అన్నాడు ఇన్నయ్య.

"నాక్కూడా అన్నా! చానా దప్పికగా ఉంది," అన్నాడు షౌకత్.

మూడోవాడు శ్రీమన్నారాయణ చెయ్యి చాచాడు.

మస్తాన్‌రావు ఉన్నట్టుండి నేల మీద పడిపోయాడు. "వడదెబ్బ! కళ్ళు బైర్లు కమ్ముతన్నాయి... ఉల్లిపాయ... ఉల్లిపాయియ్యండయ్యా!"

రెండు చేతులు చొక్కా జేబుల్లోకి పోయాయి. రెండు ఉల్లిపాయలు బయటికొచ్చాయి. రోహిణి కార్తెలో జేబులో ఉల్లిపాయ లేకుండా పల్నాడులో ఎవడూ గడప దాటడు.

"ఉల్లిపాయా? ఎందుకు?" అన్నాడు శ్రీమన్నారాయణ.

ఇన్నయ్య, షౌకత్ వాణ్ణి వింతగా చూశారు. వాడికి అర్థమైపోయింది. చెయ్యి ప్యాంటు జేబులోకి దూసుకుపోయి రిమోట్‌తో బయటికొచ్చింది. ముల్లు రెడ్ మార్క్ తాకింది. మస్తాన్‌రావు వాడి కాళ్ళు పట్టి లాగాడు. వాడు వెల్లకిలా పడ్డాడు గానీ రిమోట్ వదల్లేదు. బొటనవేలు బటన్ మీదికి వెళ్ళింది.

వాడి మణికట్టు మీద హైహీల్ దిగింది. రిమోట్ ఎగిరి రాజేశ్వరి చేతిలో పడింది. ఇన్నయ్య, షౌకత్ వాడి మీద కూర్చున్నారు. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి.

ఇప్పుడు మస్తాన్‌రావుకు నిజంగానే కళ్ళు తిరిగాయి. రాజేశ్వరి వంగి హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. పిస్తోలే అనుకుని భయంతో కళ్ళు మూసుకున్నాడు. ముక్కుకు ఘాటుగా ఏదో తగిలింది.

"వాసన చూడు," అంది ఉల్లిపాయ పట్టుకుని. "మాదీ పల్నాడే, దుర్గి."

వైర్‌లెస్ గురగురలాడింది. "గరుడా! ఆ అమ్మాయిని నమ్మొచ్చా?"

"నమ్మొచ్చు సార్," అన్నాడు మస్తాన్‌రావు. "హ్యాండ్‌బ్యాగ్ చెక్ చేశాను."