మైసమ్మకు చెప్పిన పేరు

జనగామ బస్టాండు పక్క చాయ్ హోటల్లో, మూల బల్ల దగ్గర ఒక ట్రైలర్ డ్రైవర్ ఒంటరిగా కూర్చున్నాడు. లైసెన్సు మీద పేరు వేణు. అంతకు ముందు లైసెన్సు మీద ఇంకో పేరు, దానికి ముందు మరొకటి. గూఢచారి ఉద్యోగంలో చేరాక పేర్లకు కొదవ లేదు. పేరు పెట్టి పిలిచేవాళ్లకే కొదవ.

పల్లీ పట్టీలు అమ్మే మనిషి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"చాయ్‌ల అల్లం ఉన్నదా?"

"అల్లం ఒడిసింది. ఇలాచి ఉన్నది."

కోడ్ కలిసింది. చీఫ్ ప్రదీప్ పట్టీల తట్ట కింద పెట్టి గొంతు తగ్గించాడు.

"చిట్యాల రైతుల మిర్చి. కంటైనర్ల మహబూబాబాద్ గూడ్స్ యార్డుకు చేరాలె. ఆడికెల్లి రైలు మీద ఓడరేవుకు. పూటలో అయిపోయే ప్రయాణం. అయినా రెండు కంటైనర్లు రైలు తప్పినయి. ఒకదానికి లారీ అడ్డం వడ్డది, ఇంకోదాన్ని తనిఖీ అనుకుంట దొంగ స్క్వాడ్ ఆపింది. నార్త్ హార్బర్ అని ఒక విదేశీ ముఠా పని. మూడోది గూడ తప్పితే కొనేటోళ్లు ఒప్పందం రద్దు చేసి, ఆర్డర్ ఆ ముఠాకే ఇస్తరు. రైతుల పంట కల్లంలనే ఉంటది."

"ఖబర్ ఎట్ల పోతున్నది సార్?"

"గదే సమజైతలేదు. జీపీఎస్ తీసేసినం, ఫోన్లు బంద్ వెట్టినం. రూటు డ్రైవర్ చెవుల తప్ప చెప్పలే. ఇద్దరు డ్రైవర్లదీ ఒక్కటే మాట. మైసమ్మకు తప్ప ఎవ్వలకు చెప్పలేదట."

చీఫ్ నవ్వాడు. వేణు నవ్వలేదు.

"యార్డుల మన మనిషి గీతాంజలి. ముఠా పేరు బయటవెట్టింది ఆమెనే." పట్టీ కాగితంలో చుట్టిన చిన్న మైక్రోఫోన్‌ను చీఫ్ బల్ల మీద జరిపాడు. "గిది గుండీ లెక్క కుట్టుకో. నీకు వినవడేదంత నాకు వినవడతది."

మర్నాడు పొద్దున చిట్యాలలో కంటైనర్ ఎక్కించుకుని వేణు బయల్దేరాడు. ఊరు దాటాక గట్టు మైసమ్మ గుడి. ఆ దారిన పోయే ఏ డ్రైవరైనా అక్కడ బండి ఆపాల్సిందే. కొబ్బరికాయ కొట్టించి, తన పేరేంటో, బండిలో ఏముందో, ఏ దారిన ఎక్కడికి పోతున్నాడో పైకి చెప్పుకోవాలి. చెప్పకపోతే ఏ బండిని కాయాలో ఆ తల్లికి మాత్రం ఎలా తెలుస్తుంది మరి? పోలీసులకు నోరారా అబద్ధాలు చెప్పేవాళ్లు కూడా ఇక్కడ నిజమే చెబుతారు.

వేణు దండం పెడుతున్నట్టు వంగి నిమ్మకాయల దండ ఎత్తాడు. వెనక అగ్గిపెట్టెంత పరికరం, చిన్న ఎర్ర లైటు. డ్రైవర్ల మొక్కులన్నీ ముఠా చెవినే పడుతున్నాయన్నమాట.

దండ మళ్లీ వదిలేశాడు. ఇక అబద్ధం చెప్పాలి, అదీ మైసమ్మ మొహం మీద.

"తల్లీ, మిర్చి బండి. పరకాల మీదికెల్లి పోతున్న. కాపాడు."

అతను పోయేది నర్సంపేట మీదుగా.

"ఎవ్వల పేరు మీద గొట్టాలె బిడ్డా?" అడిగింది కొబ్బరికాయలు కొట్టే సాయమ్మ.

అంత అబద్ధం చెప్పాక ఒక్క నిజమైనా చెప్పకపోతే అతనికి ప్రాణం ఒప్పలేదు.

"టీక్యా పేరు మీద గొట్టు అవ్వా."

ట్రైనింగ్‌లో నేర్పిన మొదటి పాఠం ఆ ఒక్క మాటతో గంగలో కలిసింది. అది అతని అసలు పేరు.

"సల్లంగుండు టీక్యా," అంది సాయమ్మ. ఆ పేరు ఇంకొకరి నోట విని ఎన్నేళ్లయిందో. స్టీరింగ్ పట్టుకున్నాక కూడా అతని కళ్లు మసకగానే ఉన్నాయి.

నర్సంపేట దాటి గూడూరు చేరేసరికి చెవిలో దాచిన రిసీవర్‌లో చీఫ్ గొంతు వినిపించింది. "పరకాల రోడ్డు మీద టిప్పర్ అడ్డం వెట్టిన్రు. దొరకవట్టినం. నువ్వు ఆగకు."

గంగారం పోయే దారి బోర్డు కనబడింది. అటే అతని తండా. తండావాళ్ల లెక్కలో టీక్యా బొంబాయి పోయి మాయమైన మనిషి. చేతులు ఎడమకు లాగాయి. అతను తిప్పలేదు.

మహబూబాబాద్ యార్డులో రైలు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. చివరి వ్యాగన్ ఒక్కటే ఖాళీ. నల్ల కళ్లద్దాలు, చేతిలో ట్యాబ్, మిర్చి ఘాటును కూడా మించిన సెంటు వాసన. గీతాంజలి ఎదురొచ్చింది.

"వేణన్నా, సీల్ నంబర్ తేడా ఉన్నది. హోల్డ్."

"సీల్ మంచిగనే ఉన్నది మేడం. దగ్గరికొచ్చి చూడుండ్రి."

ఇంజన్ కూత పెట్టింది. క్రేన్ ఆపరేటర్ ఆమె చేతి సైగ కోసం చూస్తున్నాడు. ఆమె దగ్గరగా వచ్చి మెల్లగా నవ్వింది.

"లొల్లి చెయ్యకు టీక్యా. నీ పేరు దొరికింది, నీ తండా దొరకవట్టుడు ఎంతసేపు? రైలు పోనియ్యి."

అతనికి మరుక్షణమే అసలు సంగతి వెలిగింది. ఆ పేరు అతను చెప్పింది మైసమ్మ ముందే. అక్కడి మాట ఈమె చెవిన పడిందంటే, ముఠా పేరు చెప్పి నమ్మించిన ఈమె ఆ ముఠా మనిషే.

"ఇంకోసారి పిలువుండ్రి మేడం."

"ఏంది?"

"నా పేరు. సార్‌కు సరిగ్గ వినవడ్డదో లేదో."

గుండీ వైపు చూడగానే ఆమె మొహం పాలిపోయింది. అప్పటికే హమాలీ వేషంలో ఉన్న చీఫ్ వెనక నుంచి వచ్చి ట్యాబ్ లాక్కుని హోల్డ్ తీసేశాడు. క్రేన్ కదిలింది. కంటైనర్ చివరి వ్యాగన్ మీద కూర్చుని లాకులు పడ్డాయో లేదో, రైలు కదిలింది.

చీఫ్ మనుషులు తెచ్చిన జీపు ఎక్కుతూ గీతాంజలి అడిగింది. "అసలు పేరు ఎందుకు చెప్పినవ్? ట్రాపా?"

"కాదు మేడం. తల్లికి అంతకన్న ఎక్కువ అబద్ధం చెప్పబుద్ధి గాలే."

ఆమె అతని వైపు వింతగా చూసింది. జీపు వెళ్లిపోయింది. ఈ జిల్లాలో అతన్ని పేరు పెట్టి బెదిరించడానికైనా ఉన్న ఒక్క మనిషి అలా వెళ్లిపోయింది.

"భలే ట్రాప్ వేసినవ్," అన్నాడు చీఫ్. "రిపోర్టుల గట్లనే రాస్త. రేపటి సంది నీ పేరు ఎల్లస్వామి."

ఆ రేపు ఇంకా మొదలుకాకముందే అతను గట్టు మైసమ్మ దగ్గరికి పోయాడు, చెప్పిన అబద్ధానికి తప్పు కాయ కొట్టించడానికి.

"ఎవ్వల పేరు మీద గొట్టాలె బిడ్డా?" అడిగింది సాయమ్మ. పొద్దుటి పేరు ఆమె అప్పుడే మరిచిపోయింది.

అతను ముందు నిమ్మకాయల దండ ఎత్తి చూశాడు. ఏమీ లేదు. అప్పుడు అసలు పేరు చెప్పాడు, ఈసారి వినేవాళ్లు ఎవరూ లేరే అని కొంచెం బెంగగానే.